కాజాలు

నా టేపు అరవై అంగుళాలు.
పోయిన ఆడి మాసంలో ఒక రాత్రి, దుకాణం షట్టరు దించాక
నన్ను నేను కొలుచుకున్నాను.
టేపు అయిపోయింది. నేను అవలేదు.

పెరంబూరులో పాతికేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను.
ఎవరి భుజం ఏ పక్కకి వాలిందో,
ఎవరికి నెల తప్పిందో
వాళ్ళింట్లో వాళ్ళకంటే ముందు నా చేతికి తెలుస్తుంది.
మోకాళ్ళు తొక్కలేమన్నాయి, మెషినుకి మోటారు పెట్టించాను.
చక్కెర మూడొందలు దాటింది.
"ఆపరేషను చేయించుకోకూడదా" అంది మందులిచ్చే డాక్టరమ్మ,
చీరకి ఫాల్ మార్చుకోమన్నంత తేలిగ్గా.

మా ఆయన దామోదరం వైద్యం ఒకటే: రాత్రిపూట చపాతీ.
వాళ్ళ మేనత్తది ఇంకొకటి:
"దేవుడిచ్చిన పొట్టని కోయించుకుంటావుటే?"
పత్తి కూడా దేవుడే ఇచ్చాడు పిన్నీ,
కత్తెర పెట్టకుండా కట్టుకున్నామా?

మొదటి ఆసుపత్రి ఓఎంఆర్ మీద. అంతా అద్దాలు.
గోడ నిండా జంట ఫోటోలు, మునుపూ తర్వాతా.
తర్వాత ఫోటోల్లో అందరికీ కొత్త బట్టలే,
వీపు వెనక గుండుసూదులతో బిగించి తీసినవి,
చంక దగ్గర ముడత నాకు దొరికిపోయింది.
కుర్చీలో కూర్చున్నాను. లేచాను.
కుర్చీ కూడా నాతో లేచింది.
టై కట్టుకున్న కుర్రాడు అటు తిరిగి నవ్వి, ఇటు తిరిగి చెప్పాడు:
"ఈ నెలాఖరులోపైతే ఇరవై శాతం తగ్గింపు మేడమ్."
ఆడి తగ్గింపులు నాకు కొత్తా నాయనా?
రంగు దిగుతుందో లేదో తడిపి చూడకుండా ఏ గుడ్డా కొనను.

రెండోది వడపళనిలో. పెద్ద పేరు, పెద్ద క్యూ.
"కటింగ్ మీరే చేస్తారా, కింద కుర్రాళ్ళకి ఇస్తారా?"
ఆయన గడియారం చూసుకున్నాడు.
నాకు అర్థమైంది. దీపావళి ముందు
హుక్కులు నేనూ బయటకే ఇస్తాను.

అప్పుడు మా పైవాటా షంషాద్
తలుపు గడియ పెట్టి, పొట్ట చూపించింది.
అయిదు కాజాలు.
పిగలని అంచులు, గింజంత మచ్చలు.
ఇన్నాళ్ళూ రెండురకాల కాజాలూ నా ప్రాణమే,
కుట్టేవీ, పాకంలో వేసేవీ.
వేలితో తడిమి అడిగాను, "ఎవరి చెయ్యి ఇది?"

పురసవాక్కంలో, మందుల షాపు పక్క సందు.
బల్లలకి చేతుల్లేవు.
తూకం గది తలుపు వేసి తూచారు,
నర్సు అంకెని రాసుకుంది, అరవలేదు.
డాక్టర్ మలర్‌విళి బొమ్మ గీసి చూపించింది:
"పొట్టని ఇలా సన్నగా మిగులుస్తాం. స్లీవ్ అంటారు."
స్లీవ్ నాకు తెలుసు డాక్టర్, అన్నాను.
ఇద్దరం నవ్వాం. తర్వాత అడిగాను,
విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చినవి ఎన్ని?

ఆవిడ పెన్ను కింద పెట్టింది.
"ఆరు."
తమిళంలో చెప్పిందో తెలుగులో చెప్పిందో, రెండింట్లోనూ అదే మాట.
"పదకొండేళ్ళలో. అందులో ఒకావిడ ఇంటికి వెళ్ళలేదు."
ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ ఇంకేమీ కలపలేదు.
రాత్రిపూట ఐసీయూలో ఎవరుంటారు అని అడిగితే
పేర్లు చెప్పింది.

నాకూ ఒకటి ఉంది.
మామిడిచిగురు రంగు పట్టు, ముహూర్తం జాకెట్టు,
మెడ దగ్గర కత్తెర జారింది.
ఆ పిల్లకి ఇప్పుడు ఇద్దరు బిడ్డలు, ఎదురుపడితే నవ్వుతుంది.
నేను మాత్రం మెడ చూస్తాను.
ఒక్కటీ పాడవలేదనేవాళ్ళు
కుట్టినా ఉండరు, గుర్తయినా పెట్టుకోరు.

భయం పోయిందని కాదు.
దీపావళి అయిన రెండో గురువారానికి రాయించుకున్నాను,
అరవై జాకెట్లు ఇవ్వాల్సినవున్నాయి మరి.
లేస్తూ లేస్తూ ఆగాను.
"మీ కోటు కుడిచెయ్యి అరంగుళం పొడుగు డాక్టర్,
రాసేటప్పుడల్లా వెనక్కి లాక్కుంటున్నారు."
ఆవిడ చెయ్యి చూసుకుంది.
జేబులో చీటీలు, స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టి
కోటు విప్పి ఇచ్చింది.